మంగంపేట బండికి సరిపోయిన స్పీకర్లు

కారు సౌండు పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కూర్చోగానే అడిగే మాట ఒకటే. "అమ్మా, తలుపులో ఎన్ని వాట్ల స్పీకరు వెయ్యల్ల?"

నేను తిరిగి అడుగుతాను. "ఆ బండిలో కూర్చునేది ఎవరు?"

ముసలామె మాట తప్పిస్తాంది అనుకుంటారు. తప్పించడం కాదు. నా పని మొత్తంలో నేను నేర్చుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. దాన్ని నాకు నేర్పిన మనిషి మస్తాన్ అనే డ్రైవరు. ఆ సంగతి రాసి పెడితే, రోజూ తలుపులు విప్పేవాళ్ళకు పనికొస్తుందని ఇప్పుడు కూర్చున్నాను.

నేను, మా సెట్టి

నా పేరు ఎస్తేరు. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. ఐ.టి.ఐ.లో రేడియో, టీవీ రిపేరు చదివినాను. చదువు కన్నా ముందు నా చెవికి పాఠం చెప్పింది మా చర్చి పాటల బృందం. మాకు పాట నేర్పే పెద్దాయన, పక్కవాళ్ళ గొంతు వినపడనంత గట్టిగా ఎవరన్నా పాడితే పాట ఆపేసేవాడు. పది గొంతులు కలిసినా ఏ గొంతు యాడ ఉందో పట్టుకునే అలవాటు నాకు అట్లా వచ్చింది.

కర్నూలులో కార్ల సామాన్లు అమ్మే వెంకటసుబ్బయ్య సెట్టి షాపులో ఫిట్టరుగా చేరినాను. ఆడపిల్ల కారు తలుపు విప్పుతాందని మొదట్లో జనం నిలబడి చూసేవాళ్ళు. సెట్టి వాళ్ళను కసిరి పంపేవాడు. ఆయన మంచివాడు, పనిమీద శ్రద్ధ ఉన్నవాడు. స్పీకరు బిగించినాక కిటికీ అద్దాన్ని పూర్తిగా కిందికి దించి చూడకుండా ఏ బండినీ షాపు దాటనిచ్చేవాడు కాదు. స్పీకరు వెనక అయస్కాంతం లావుగా ఉంటే, దిగే అద్దం దానికి తగిలి పగులుతుంది. కొత్త స్పీకరు కొనేటప్పుడు అందరూ దాని వెడల్పు చూస్తారు, లోతు చూడరు. లోతు చూడటం నాకు నేర్పింది సెట్టే.

ఆయనకున్న జబ్బు ఒకటే, అట్టపెట్టె మీది వాట్ల అంకె. ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచి స్పీకరని నమ్మేవాడు. "అంకె చూపిస్తే చాలు, మనం నోరు తెరవబల్లేదు" అనేవాడు. ఆ అంకె చాలాసార్లు, స్పీకరు కాలిపోకుండా ఒక్క క్షణం తట్టుకునే బలం మాత్రమే. రోజంతా పాడే బలం వేరు. ఆ రెండో అంకె పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదంటే అసలే ఉండదు.

క్యాసెట్లు ఇంకా పోలేదు, సీడీలు అప్పుడే వస్తున్నాయి. ఆ రోజుల్లో సెట్టి కడపలో ఇంకో షాపు తెరిచి నన్ను పంపినాడు. అది నడవలేదు. కడపలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. వారంలో నాలుగు రోజులు రేడియో పెట్టుకొని రోడ్డు చూస్తా కూర్చునేదాన్ని. "ఎండాకాలం దాకా చూస్తాం, కాకపోతే మూసేద్దాం" అని సెట్టి కబురు పంపినాడు. కర్నూలు షాపులో నా చోట అప్పటికే వేరే ఫిట్టరు ఉన్నాడు. కడప షాపు మూతపడితే నాకు పని లేదు.

ఓబుళరెడ్డి పందెం

అట్లాంటి రోజుల్లో ఓబుళరెడ్డి వచ్చినాడు. ఆయన మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీసు, గనులకు బండ్లు తిప్పేవాడు. గనుల్లో పనిచేసే ఇంజనీర్లను, సరుకు చూడటానికి వచ్చే వ్యాపారులను ఎక్కించుకొని ఆయన జీపులు తిరిగేవి. ఆరు బండ్లుండేవి. వచ్చీరాగానే రెండు పాత స్పీకర్లు నా బల్ల మీద పడేసినాడు.

"చూడమ్మా. ఉగాదికి వేయిస్తే శ్రావణానికి చినిగిపోయినాయి. ఇద్దరు మెకానిక్కులకు చూపిస్తిని, ఇద్దరూ ఇంకా పెద్దవి వెయ్యమనిరి. వేస్తి. అవీ పాయ. ఈసారి సెట్లే పీకిచ్చి పారేద్దామనుకుంటాండా."

పక్కన నిలబడిన డ్రైవరు మొహం వాడిపోయింది. ఆయనే మస్తాన్. నలభై దాటిన మనిషి, నిండు మీసం, మాట తక్కువ.

"పీకొద్దు రెడ్డీ" అన్నాడు. "మద్రాసు రేవు దాకా పోయి రావల్లంటే పాట ఉండల్ల. పాట లేకుంటే కండ్లు మూతలు పడతాయి."

రెడ్డి ఆలోచించి నా వైపు తిరిగినాడు. "సరేమ్మా, ఈ ఒక్క బండికి నువ్వు వెయ్యి. ఈ ఎండాకాలం దాటి వాన పడేదాకా నిలిస్తే, మిగతా బండ్లన్నీ నీ దగ్గరికే తోలిస్తా. నిలవలేదంటే, ఈ చినిగిన స్పీకర్లు తెచ్చి నీ షాపు ముందరే దండ కట్టి వేలాడదీస్తా."

నవ్వుతానే అన్నాడు కానీ, చేసే మనిషే. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక నాకు వేరే దారి కూడా లేదు.

తలుపు లోపల

పని నేర్చుకునే పిల్లలకు చెప్తాండా, కొత్త స్పీకరు ఎంచే ముందు పాత స్పీకరు ఎట్లా చచ్చిందో చూడండి. డాక్టరు జబ్బు తెలియకుండా మందు రాయడు.

తలుపు అట్ట విప్పినాను. లోపల పిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము. ముగ్గురాయి దుమ్ము చాలా బరువు, చాలా మెత్తన. కిటికీ సందులో నుంచి జారి తలుపులో పడి, బండి ఎగిరినప్పుడల్లా లేచి స్పీకరు వెనక భాగంలో దూరుతుంది. స్పీకరు నడుమ కదిలే తీగచుట్టను అది గరగరా రాపిడి పెడుతుంది. ఇక స్పీకరు చుట్టూ ఉండే మెత్తటి అంచు ఫోముది. మా ఎండలకు తలుపు లోపల పొయ్యి మాదిరి కాలుతుంది. ఆ ఫోము వేలు పెడితే అప్పడం లాగా విరిగింది.

రెండు జబ్బులు దొరికినాయి. రబ్బరు అంచు ఉన్నది వెయ్యాలి, వెనక దుమ్ము పడకుండా తొడుగు పెట్టాలి. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆపి స్పీకరు కొనేవాళ్ళు. నాకు మాత్రం ఒకటి అంతు పట్టలేదు. స్పీకరు నడుమ అట్ట, కోను అంటారు, అది కూడా అడ్డంగా చినిగి ఉంది. దుమ్ము అట్ల చింపదు, ఎండ అట్ల చింపదు. శక్తికి మించి అరిపిస్తే చినిగే తీరు అది.

క్యాసెట్లు పాడే డెక్కు చూసినాను. బేసు నాబు చివరిదాకా తిప్పి ఉంది. సౌండు నాబూ చివరిదాకే.

"మస్తానన్నా, ఎప్పుడూ ఇంత గట్టిగా పెట్టుకుంటావా?"

ఆయన పలకలేదు. నేను ఆయనకు ఎడమపక్క నిలబడి ఉన్నాను. మళ్ళీ అడిగినా పలకలేదు. కుడిపక్కకు పోయి అడిగితే, "ఆఁ, ఏమ్మా?" అని తిరిగినాడు.

రాజంపేట దారిలో

మరుసటి రోజు, పాత స్పీకర్లే తాత్కాలికంగా అతికించి, బండిలో ఆయన పక్కన కూర్చున్నాను. రాజంపేట వైపు పోనిమ్మన్నాను. ఊరు దాటగానే ఆయన క్యాసెట్టు పెట్టి నాబు తిప్పినాడు. డబడబమని మోత తప్ప పాట లేదు. ఆయన మాత్రం స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తా హాయిగా ఉన్నాడు.

సౌండు తగ్గించి, ఆయన ముందుకు వంగి గట్టిగా అడిగినాను. "అన్నా, ఇది ఏం పాట?"

"మా చెల్లెలి పెండ్లిలో ఆడోళ్ళు డోలకు పెట్టుకొని ఉర్దూలో పాడినారు. మా వాళ్ళే టేపు చేసినారు. అన్నిట్లో ఇదే నాకు ఇష్టం."

"ఏమని పాడుతాండారు?"

బండి కొంచెం మెల్లగైంది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే ఆయన అన్నాడు. "డోలకు ఇనపడతాదమ్మా. చప్పట్లు ఇనపడతాయి. మాట ఇనపడదు."

తర్వాత తనే బండి పక్కకు ఆపి చెప్పినాడు. డ్రైవరు కాకముందు గనిలో మందుపెట్టి రాయి పేల్చే జట్టులో పనిచేసినాడట. చెవులకు ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదు. ఎడమ చెవి బాగా పోయింది. కుడి చెవికి మాటలు వినపడతాయి గానీ సన్నని శబ్దాలు పోయినాయి. పిట్ట కూత వినపడదు. పాటలో 'స', 'త' లాంటి అక్షరాలు అసలు చేరవు. ఆ లోటు తీరాలని సౌండు పెంచుతాడు. పెంచితే వచ్చేది మోతే, మాట కాదు. అందుకని ఇంకా పెంచుతాడు. స్పీకరు చినిగేది అందుకు.

"రెడ్డికి చెప్పొద్దు చెల్లెలా. తెలిస్తే స్టీరింగు పట్టనియ్యడు. నాకు ఇది తప్ప వేరే పని రాదు."

ఆయన కూడు పోతుందని భయం ఒకపక్క, ఆ బండిలో ఎక్కే మనుషులు ఒకపక్క. చివరికి ఇట్లా అన్నాను. "నేను చెప్పను అన్నా. నువ్వే చెప్పల్ల. నువ్వు చెప్పేదాకా నేను ఈ తలుపుకు అట్ట బిగించను."

ఆయన నన్ను కోపంగా చూసినాడు. బండి తిప్పి షాపు ముందుకు తెచ్చి నిలిపినాడు.

రెండు రోజులు ఆ బండి తలుపులు విప్పినట్టే నా షాపు ముందు నిలబడింది. మూడో రోజు రెడ్డి వచ్చి అరిచినాడు. "స్పీకర్లు మార్చేదానికి ఇన్ని దినాలా?" అప్పుడు మస్తాన్ ముందుకొచ్చి, తలకాయ వంచుకొని, ఉన్నదంతా చెప్పినాడు.

మస్తాన్ బండి తాళం తీసి రెడ్డి చేతిలో పెట్టబోయినాడు. రెడ్డి దాన్ని తోసేసినాడు.

"ఎన్నేండ్లుగా రా ఇది? నేను ఎడమపక్క నుంచి పిలిస్తే పలకవని, నీకు పొగరనుకుంటిని గదరా! దానికి నిన్ను ఎన్ని తిట్లు తిట్టినానో!"

"అవి కూడా ఇనపడలేదులే రెడ్డీ" అన్నాడు మస్తాన్.

ముగ్గురం నవ్వినాము. రెడ్డి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి, నేను చూసినాను. ఆ సాయంత్రమే ఆయన మస్తాన్‌ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు. డాక్టరు ఎడమ చెవికి మిషను పెట్టినాడు, బండి నడపొచ్చన్నాడు. రెడ్డి తనంతట తనే బండికి ఎడమపక్క పెద్ద అద్దం పెట్టించినాడు. ఇవన్నీ చేసి, పోతా పోతా నాతో అన్నాడు. "పందెం పందెమే అమ్మా. వాన పడేదాకా నిలవల్ల."

సెట్టి పెట్టె, నా పెట్టె

ఇప్పుడు నాకు కావలసినది ఏదో స్పష్టంగా తెలిసింది. రబ్బరు అంచు. కాగితానికి బదులు ప్లాస్టిక్కు కోను. బండిలో ఉన్న మామూలు డెక్కు కొద్ది బలంతో తోసినా గట్టిగా పలికేది. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు, అదే ట్వీటరు, విడిగా రావాలి. దాన్ని తలుపు కింద మోకాళ్ళకు కాకుండా, పైన అద్దం మూలలో, ఆయన కుడి చెవికి ఎదురుగా పెట్టాలి.

సెట్టికి ఫోను చేసి ఏది పంపాలో చెప్పినాను. ఆయన మండిపడినాడు. "దాని పెట్టె మీద అంకె చూసినావా? సగం కూడా లేదు! రెడ్డి నవ్వుతాడు. గోడౌనులో పెద్దవి ఉండాయి, నేనే తెస్తాండా." పొద్దున్నే బస్సెక్కి, ఒళ్ళో పెద్ద పెట్టె పెట్టుకొని కడపలో దిగినాడు. నేను చెప్పిన చిన్న పెట్టె కూడా సంచిలో తెచ్చినాడు. మొండివాడే గానీ, అవతలి మాటకు చోటు లేకుండా చేసే మనిషి కాదు.

"వాదులాట వద్దు సెట్టిగారూ. విందాం" అన్నాను.

రెంటినీ ఒకే తీరు చెక్కపెట్టెల్లో బిగించి, బండి ముందు భాగంలో పక్కపక్కన పెట్టి, పైన తువ్వాలు కప్పినాను. ఒకటి డెక్కు ఎడమ తీగకు, ఇంకొకటి కుడి తీగకు. బ్యాలెన్సు నాబు ఇటు తిప్పితే ఒకటి, అటు తిప్పితే ఇంకొకటి పలుకుతుంది. ఏది ఏదో నాకొక్కదానికే తెలుసు. మస్తాన్ కూర్చున్నాడు. నాబు సెట్టి చేతికే ఇచ్చినాను.

పెండ్లి క్యాసెట్టు పెట్టినాము. సెట్టి మొదట ఒకవైపు తిప్పినాడు. డోలకు గుమ్మని మోగింది. మస్తాన్ తల ఆడించినాడు. "బాగుండాది. ఎప్పటి మాదిరే ఉండాది."

సెట్టి ఇంకోవైపు తిప్పినాడు.

మస్తాన్ తల ఆడించడం ఆపేసినాడు. ముందుకు వంగినాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఆడవాళ్ళు పాడుతున్నారు, నవ్వుతున్నారు, గాజులు గలగలమంటున్నాయి. ఉన్నట్టుండి ఆయన సెట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపొద్దు! తిప్పొద్దు సెట్టీ! నా పేరు అంటాండారు!"

"ఏమంటాండారప్పా?"

మస్తాన్ వింటా, ఒక్కొక్క మాట మాకు తెలుగులో చెప్పినాడు. "పెండ్లికూతురి అన్న యాడ? బిర్యానీ గంజు కాడ... మస్తాను మీసానికి మసాలా అంటుకుంది... దాన్ని కడిగే పిల్లను యాడ తెస్తాం..." చెప్తా చెప్తా పగలబడి నవ్వినాడు. "తూ! ఇది నన్ను ఎగతాళి చేసే పాట! ఇన్నేండ్లుగా ఊరూరా తిప్పి, ఎక్కినోళ్ళందరికీ నేనే వినిపిస్తి గదా! నేను ఈ పాట పెట్టినప్పుడల్లా మా చెల్లెలు ఎందుకు నవ్వేదో ఇప్పుడు తెలిసె!"

నవ్వి నవ్వి, స్పీకర్ల మీది తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు లాగడంతో కింద ఉన్న స్పీకర్లు బయటపడినాయి. పలుకుతున్నది చిన్న అంకెది. సెట్టి దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు. మళ్ళీ నాబు ఇటూ అటూ తిప్పి, తన చెవితో తను విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"నాది మూతికి గుడ్డ కట్టుకొని పాడినట్టుండాదమ్మా" అన్నాడు. "ఎందుకట్ల?"

"మీది చెడ్డది కాదు. దాన్ని కదిలించడానికి వెనక పెద్ద యాంప్లిఫయరు ఉండల్ల. ఈ బండిలో అది లేదు. ఉన్న బలంతో పలికేదే ఈ బండికి మంచిది."

"బిగించు" అన్నాడు సెట్టి. చొక్కా చేతులు మడిచి, స్క్రూలు అందించడానికి తనే నా పక్కన కూర్చున్నాడు.

బిగించిన తీరు

తలుపు రంధ్రం పెద్దది, స్పీకరు చిన్నది. దానికి ప్లైచెక్క రింగు కోసి, నీళ్ళు తగలకుండా రంగు పూసి బిగించినాము. స్పీకరు వెనక రబ్బరు తొడుగు, దాని మీద పల్చటి గుడ్డ. దుమ్ముకు దారి లేదు. పెన్ను బ్యాటరీ తీగలకు తాకించి, రెండు తలుపుల్లోనూ కోను ముందుకే కదులుతుందో లేదో చూసుకున్నాను. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు కదిలితే, ఎంత మంచి స్పీకర్లయినా ఒకదాని సౌండును ఇంకోటి మింగేస్తుంది. అద్దం కిందిదాకా దించి చూడటం మాత్రం సెట్టి తన చేత్తోనే చేసినాడు.

మస్తాన్ డెక్కు నాబు పట్టుకున్నాడు. అలవాటుగా చివరిదాకా తిప్పబోయి, సగంలోనే ఆగినాడు. ఇక అక్కడి నుంచి అది పెరగలేదు.

ఆ ఎండాకాలం గట్టిదే. తారు కరిగి చక్రాలకు అంటుకునే ఎండ. బండి మా షాపు ముందు నుంచి పోయినప్పుడల్లా నేను పని వదిలి గుమ్మంలోకి వచ్చేదాన్ని. మస్తాన్ ఆపకుండా చెయ్యి ఊపి పోయేవాడు. ఆపలేదంటే అంతా బాగున్నట్టే అనుకొని లోపలికి పోయేదాన్ని.

మొదటి గట్టి వాన పడిన తెల్లారి రెడ్డి వచ్చినాడు. "విప్పు, చూస్తాం" అన్నాడు. తలుపు అట్ట విప్పినాను. అడుగున దుమ్ము గుప్పెళ్ళకొద్దీ ఉంది. తొడుగు తీసినాను. లోపల స్పీకరు పెట్టెలో నుంచి తీసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. రబ్బరు అంచును రెడ్డి వేలితో నొక్కినాడు. అది మెత్తగా దిగి పైకి వచ్చింది. మళ్ళీ నొక్కినాడు. బయటికి పోయి, వీధి చివరకు చూస్తా చెయ్యెత్తినాడు.

మలుపు తిరిగి ఒక జీపు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మిగతావన్నీ తెల్లారకముందే తెప్పించి మలుపు అవతల నిలబెట్టినాడు ఆయన! వరసగా మా షాపు ముందు ఆగినాయి. డ్రైవర్లు దిగి తలుపులు తెరిచి నిలబడినారు. చుట్టుపక్కల షాపులవాళ్ళు బయటికొచ్చి చూస్తాండారు. నాకు కాళ్ళు నేల మీద లేవు.

నేను వెంటనే బండి తలుపులు విప్పలేదు. డ్రైవర్లను ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అడిగినాను. ఏం వింటావు, ఎంత దూరం పోతావు, ఎక్కేవాళ్ళు మాట్లాడతారా, నిద్రపోతారా. ఒకాయన వార్తలు మాత్రమే వింటానన్నాడు. ఒకాయన వెనక కూర్చునేవాళ్ళ కోసమే పెడతానన్నాడు. ఆరు బండ్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడలు. వాటికి నేను వేసిన స్పీకర్లు నాలుగు రకాలు.

కడప షాపు మూతపడలేదు. గనుల బండ్లు, తర్వాత రాళ్ళ లారీలు, తర్వాత ఊళ్ళోని కార్లు వచ్చినాయి. నేను పని మానేసేదాకా ఆ షాపులో బల్ల ఖాళీగా ఉన్న రోజు లేదు.

ఆ ఆరు బండ్ల పని అయినాక సెట్టి మళ్ళీ కడపకు వచ్చినాడు. ఈసారి బస్సులో కాదు, తన పాత కారు తనే నడుపుకుంటా వచ్చినాడు. షాపు ముందు ఆపి, దిగకుండా, పక్క సీటు తలుపు తెరిచినాడు.

"ఎస్తేరమ్మా, ఇకమీదట రెండు షాపులకూ ఏ సరుకు తేవల్లనో నువ్వే చెప్పు. నేను తెస్తా. అది తర్వాత మాట్లాడదాం." కొంచెం ఆగి, సిగ్గుపడతా నవ్వినాడు. "ముందు ఇట్ల వచ్చి కూర్చో. ఒక రౌండు పోదాం. నాకు ఏం ఇనపడతాందో, ఏం ఇనపడడం లేదో చూసి చెప్పు తల్లీ."

నేను చేతులు తుడుచుకొని, ఎక్కి ఆయన పక్కన కూర్చున్నాను.